నక్క రాయించుకున్న ఉద్యోగం

కొండవాగు అడవిలో అడవిపంది నడిపే చెరుకు గానుగకు మోటారు వచ్చింది. పదకొండేళ్ళు ఆ గానుగ తిప్పిన పుల్లెద్దును "రేపట్నుంచి రావద్దు" అన్నారు. ఎద్దు నేరుగా తాబేలమ్మ కొట్టుకు వెళ్ళింది. పనున్న రోజుల్లో జంతువులన్నీ తమ కూలిలో కొంత చెరుకు ఆ కొట్టులో వేస్తాయి. పని పోయినవాళ్ళకు, మళ్ళీ పని దొరికేదాకా, అందులోంచే గడలు ఇస్తారు. గానుగ తిప్పినవాడికి రోజుకు పది. అయితే చేసిన పనే మళ్ళీ వస్తే వెళ్ళి తీరాలి. కాదన్నవాణ్ణీ, అబద్ధం చెప్పినవాణ్ణీ పొలిమేర దాటిస్తారు. అవతల వేటకుక్కలున్నాయి.

మర్నాడు నక్క కూడా వరసలో నిలబడింది. పుట్టి బుద్ధెరిగి ఒళ్ళు వంచని ఘనుడు.

"ఏం పని చేశావు నాయనా?" అంది తాబేలమ్మ.

"గానుగే అత్తా! ఇరవై ఏళ్ళు."

ఎద్దు నోరు వెళ్ళబెట్టింది. "అమ్మా, వీడు గానుగ పక్కన పిప్పి నమిలేవాడు!"

"సాక్షులు లేకుండా వస్తానా బావా?" నక్క సైగ చేసింది. రెండు కాకులు అవునవునన్నాయి. తాబేలమ్మకు దయా లేదు, అనుమానమూ లేదు, రాయడమొక్కటే తెలుసు. రాసేసింది.

కొట్టులో ఉన్నది రోజుకు పది గడలకే సరి. ఎద్దు వాటా ఐదుకు పడిపోయింది. దాని పక్కటెముకలు బయటికి తేలాయి. నక్క మాత్రం ఎదురుగా చేరగిలబడి, "కష్టపడ్డ ఒళ్ళు బావా, విశ్రాంతి ఉండాలి" అంటూ చెరుకు నమిలేది. సిగ్గన్నది దాని ఇంటావంటా లేదు.

నెల తిరక్కుండా ఎలుగుబంటి వచ్చింది. "కొత్తగా గానుగ పెట్టా. తిప్పడానికి ఒకడు కావాలి."

తాబేలమ్మ ఎద్దు వైపు చూసింది.

"నాది పదకొండేళ్ళ అనుభవమేనమ్మా," అంది ఎద్దు వినయంగా. "ఇరవై ఏళ్ళ పెద్దాయన ఉండగా నేను ముందు వెళ్ళడం మర్యాదేనా?"

తాబేలమ్మ పుస్తకం తిరగేసింది. "నిజమే. మొదటి వంతు నక్కది."

"అత్తా, నాకు నడుం నొప్పి!"

"అయితే పొలిమేర..."

"వస్తున్నా, వస్తున్నా!"

కాడి ఆ మెడకు నిలవలేదు. ఎలుగుబంటి తాడేసి బిగించింది. మూడు చుట్లకే నక్క నాలుక బయటికి వేలాడింది. "బావా, నేను అబద్ధమాడానని తాబేలత్తకు చెప్పవా!"

"చెబితే కుక్కల పాలవుతావు," అంది ఎద్దు, గానుగ ఎదురుగా చేరగిలబడి తన పదో గడ నములుతూ. "నడు బావా, నడు. ఇంకా చాలా చెరుకుంది."

ఇంకొకరి చెమటను తనదని రాయించుకున్నవాడు, దాన్ని కార్చే రోజుకూ సిద్ధపడాలి.