నాచు కట్టు

జలాలుద్దీన్‌కు ఒళ్లు మండిపోయింది. చేపలమ్ముకునే నూకాలు కాలి పుండుకు ఇరవై రోజులుగా అతనే కట్టు కడుతున్నాడు. లేత చర్మం కూడా రావడం మొదలైంది. ఇవాళ చూస్తే కట్టు లేదు. పుండు రేగి నెత్తురు కారుతోంది.

"కట్టు ఏది?"

"నిన్న జారిపోతే సూసినాను. పీకి పారీసి, సబ్బెట్టి కొబ్బరి పీసుతో తోమీసినాను."

"పీచుతో తోమావా? షుగరు కాలు నీది! నొప్పి కూడా తెలిసి చావదు. రేపు కాలు తీసేస్తే గంప ఎవడు మోస్తాడు? పో, ఇంక నా దగ్గరికి రాకు."

నూకాలు కదల్లేదు. ఆమెకూ కోపంగానే ఉంది.

"నీ కట్టు వల్లే సీము పట్టింది బాబూ. లోపలంతా జిగురు జిగురుగా ఉంది. నా కాలు కుళ్లబెట్టి నన్నే తిడతావేటి?"

ఆ మాటకు జలాలుద్దీన్ ఊగిపోయాడు. అది మామూలు గుడ్డ కాదు. సముద్రపు నాచులో గొలుసుల్లా అల్లుకున్న ఒక రకం చక్కెర ఉంటుంది. దాని నారతో చేసిన మెత్త అది. పుండు రసిని పీల్చుకుని జిగురుగా మారుతుంది, కొత్త చర్మాన్ని ఎండిపోనివ్వదు. కిందటి వారం పట్నం డాక్టర్లు వస్తే ఇదంతా గంటసేపు చెప్పి శభాష్ అనిపించుకున్నాడు. అలాంటి మందును పీచుపెట్టి తోమేసే మనిషికి వైద్యమెందుకు?

దర్గా వెనక గదిలో పుండ్లకు మందు వేసే మస్తాన్ షా అతని గురువు. ఆయన వైపు తిరిగి, "హజ్రత్, ఈమెకు నేను కట్టను," అన్నాడు.

గురువు కొత్త మెత్త ఒకటి తీసి శిష్యుడి అరచేతిలో పెట్టాడు. దాని మీద గోరువెచ్చని ఉప్పునీళ్లు పోశాడు. ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి తెల్లటి నార ఉబ్బి, మెత్తబడి, జిగురై వేళ్ల సందుల్లోంచి జారింది.

ఆయన ఆ చేతిని నూకాలు ముందుకు లాగాడు.

"ఇదేంటమ్మా?"

"సీమే," అంది వెంటనే.

తర్వాత వంగి చూసింది. అతని అరచేతికి ఎక్కడా పుండు లేదు. ఆ జిగురును వేలితో తీసి వాసన చూసింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఇన్నాళ్లూ ఈ ముక్క నాకు సెప్పనేదేటి బాబూ? నా సేతుల్తో నానే రేపుకున్నాను గదా."

జలాలుద్దీన్‌కు కోపం అలాగే ఉంది. ఇప్పుడది ఆమె మీద కాదు.

మస్తాన్ షా కింద కూర్చుని నూకాలు పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

"కట్టు నేను కడతాను," అన్నాడు తలెత్తకుండా. "నువ్వు ఆమెకు చెప్పు."