రాజుగారి కడుపులో పొయ్యి

ఒరేయ్ శేషూ, ఆ వాము నీళ్ళు ఒక్క గుక్కలో తాగెయ్యి, మొహం అలా పెట్టకు. పెళ్ళివారింట్లో లడ్డూ మీద లడ్డూ మింగినప్పుడు లేని బాధ ఇప్పుడొచ్చిందా? బుల్లీ, నువ్వేం నవ్వక్కర్లేదు, నీ పొట్టా డోలులాగే ఉంది. ఇద్దరూ ఎడం పక్కకి తిరిగి పడుకోండి. అలా పడుకుంటే తిన్నది అరుగుతుందని మా అమ్మ చెప్పేది. తిరిగారా? సరే, ఇంక ఊ కొట్టండి.

అనగా అనగా, నేనూ చూడలేదు, మీ తాతా చూడలేదు, కొండ కింద ఒక ఊళ్ళో ఎర్రమరాజుగారని ఒక రాజుగారు. రాజంటే మీరనుకునే రాజు కాదు. ఆయన రాజ్యం ఎంతంటే, పొద్దున్నే మేకల్ని తోలుకుంటూ బయల్దేరితే చద్దన్నం వేళకి సరిహద్దు దాటేస్తాం. అంతే. ఏనుగుల్లేవు, గుర్రాల్లేవు. ఉన్న ఒక్క ముసలి గుర్రమూ ఎక్కితే కూర్చునేది. కానీ మనసు మాత్రం పెద్దదర్రా, ఆయన మనసు చాలా పెద్దది.

ఆయన రాజైన కొత్తలో పెద్ద కరువొచ్చింది. ఏళ్ళ తరబడి చినుకు లేదు. చెట్లు ఎండాయి, పశువులు పోయాయి. అప్పుడు రాజుగారు కోటలో గాదెలన్నీ తెరిపించి, వాకిట్లో పెద్ద పెద్ద కుండలు పెట్టించి గంజి కాయించాడు. గరిటె ఇంకొకరి చేతికిచ్చాడా? ఇవ్వలేదు. తనే పోసేవాడు. ముందు పిల్లలకి, తర్వాత ముసలివాళ్ళకి, ఆ తర్వాత మిగిలినవాళ్ళకి, అందరి తర్వాత తనకి. ఒక్కోనాడు తన వంతొచ్చేసరికి కుండ అడుగు కనపడేది. ఆ పూట చెంబెడు మంచినీళ్ళు తాగి, రేపు చూద్దాంలే అని పడుకునేవాడు.

ఆ కరువులోనే తల్లీ తండ్రీ పోయిన ఒక పసిపిల్లని ఎవరో తెచ్చి కోట గుమ్మంలో పడుకోబెట్టారు. రాజుగారు ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, గంజి తేట వేలితో నాకించి నాకించి బతికించాడు. పేరిందేవి అని పేరు పెట్టాడు. పెంచి పెద్ద చేసి, తన కొడుక్కే ఇచ్చి పెళ్ళి చేసి కోడల్ని చేసుకున్నాడు. ఆ పిల్లకి ఆయన మామగారే, తండ్రే, దేవుడే. ఊ కొడుతున్నారా? ఆఁ.

సరే, కరువు పోయింది. కొండ మీంచి కాలవ తవ్వించాడు, వానలూ పడ్డాయి, ఊరు పచ్చబడింది. అప్పుడు ఊరివాళ్ళంతా కాలవ గట్టు మీద నిలబడి ఒక మొక్కు మొక్కుకున్నారు. ఏమని? మా ఇంట్లో ఏది పండినా, ఏది వండినా తొలిముద్ద రాజుగారిదే, రాజుగారు తినందే మేం తినం, మా పిల్లలకీ పెట్టం అని. మంచి మొక్కే కదా? చేసిన మేలు మర్చిపోని జనం. అలాంటివాళ్ళు దొరకడం అదృష్టం. కానీ చూడండి, ఆ మంచితనం ఏం తెచ్చిపెట్టిందో.

పొద్దున లేచేసరికి గుమ్మంలో గిన్నెలు. గారె మీద బూరె, బూరె మీద అరిసె, అరిసె మీద సున్నుండ, సున్నుండ మీద గడ్డపెరుగు. ఒకింటి పులిహోర తింటే ఇంకో ఇంటివాళ్ళు మా పులిహోరకేం తక్కువా అని చిన్నబుచ్చుకునేవాళ్ళు. రాజుగారికేమో ఎవరినీ కాదనడం చేతకాదు. ఇంకొక్క ముద్ద, మా చంటిదాని పేరు చెప్పి ఇంకొక్క ముద్ద అంటే నోరు తెరిచేవాడు. గారె మీద బూరె, బూరె మీద అరిసె, అరిసె మీద సున్నుండ, సున్నుండ మీద గడ్డపెరుగు. ఏడాది పొడుగునా అదే వరస.

ఇంకేముంది, ఒకనాడు రాజుగారికి అన్నం సయించలేదు. నాలిక మీద తెల్లటి పూత. నోరు పులుపు. కడుపు బండరాయి. అరికాళ్ళు మంటలు, కళ్ళు మంటలు, ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. ఊరివాళ్ళు వచ్చి చూసి అయ్యో వేడి చేసింది, వేడి చేసింది అన్నారు. వేడి చేస్తే ఏం చెయ్యాలి? చలవ చెయ్యాలి. అంతే, ఒకరు మీగడ మజ్జిగ, ఒకరు కొబ్బరినీళ్ళు, ఒకరు చల్లటి పాయసం. గిన్నెలు తగ్గాయా? రెట్టింపయ్యాయి! ఒకావిడైతే దయ్యం పట్టిందని వేపమండలు పట్టుకొచ్చి దులిపింది. దులిపి, పాపం, వెళ్తూ వెళ్తూ ఆవిడ కూడా నోట్లో ఓ లడ్డూ పెట్టే వెళ్ళింది.

అప్పుడు పేరిందేవి పక్క ఊరి నుంచి బయ్యన వైద్యుడుగారిని పిలిపించింది. పెద్దాయన, మంచి హస్తవాసి. నాడి చూశాడు, నాలిక చూశాడు, పొట్ట మీద వేళ్ళతో తట్టి చూశాడు. చూసి పేరిందేవిని పక్కకి పిలిచి చెప్పాడు. అమ్మా, మనిషి కడుపులో ఒక పొయ్యి ఉంటుంది, జఠరాగ్ని అంటారు దాన్ని. తిన్నదాన్ని వండి రక్తం చేసేదీ బలం చేసేదీ అదే. మీరంతా కలిసి దాని మీద కట్టె మీద కట్టె పడేశారు. అది నలిగిపోయింది. అరగని అన్నం లోపల ఆమమై, జిగురులా పట్టుకుంది. పొయ్యిలో ఉండాల్సిన నిప్పేమో చూరెక్కి కూర్చుంది. అందుకే పైన ఒళ్ళు కాలుతోంది, లోపల కడుపు చల్లారింది. వాతం, పిత్తం, కఫం మూడూ దేని చోట అవి లేవు. వెంటనే లంఖణం చేయించు. శొంఠి వేసి కాచిన వేణ్ణీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఆకలి అన్న మాట ఆయన నోటి వెంట వచ్చేదాకా మెతుకు ముట్టనివ్వకు. ఆ మాట రాకపోతే మాత్రం నా చేతుల్లో లేదమ్మా అన్నాడు.

పేరిందేవి ధైర్యం తెచ్చుకుని కోట గుమ్మం మూసేయించింది. రాజుగారికి లంఖణం, ఎవరూ ఏమీ తేవద్దు అని చాటింపు వేయించింది.

మరి ఊరివాళ్ళ మొక్కో? రాజుగారు తినందే మేం తినం అన్నారు కదా. రాజుగారు తినడం లేదు. అందుకని ఊరు ఊరంతా పొయ్యి వెలిగించలేదు! పెద్దవాళ్ళు ఓర్చుకున్నారు. పిల్లలకేం తెలుసు పాపం? సాయంత్రమయ్యేసరికి ఇంటింటా ఏడుపులు. ఆ ఏడుపులు కోటలోకి వినిపించాయి. రాజుగారు ఒక్కుదుటున లేచి కూర్చుని, నా మూలంగా పసివాళ్ళు పస్తులా, తలుపులు తియ్యండి, తెచ్చింది తినేస్తాను అన్నాడు. పేరిందేవి కాళ్ళు పట్టుకుంది, వినలేదు. తిన్నాడు. ఊరు తిన్నది. ఆ రాత్రి ఆయన పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు.

చూశారా ఆ పిల్ల కష్టం? ఆయన తింటే ఆయన దక్కడు. ఆయన తినకపోతే ఊళ్ళో పిల్లలు మాడతారు.

పేరిందేవి మొగుడున్నాడే, యువరాజు, మంచివాడే గానీ కాస్త అమాయకుడు. నాన్నగారి బదులు నేను తింటానన్నాడు. ఊరివాళ్ళు కుదరదంటే కుదరదన్నారు. అయినా ఊరుకుంటాడా, గుమ్మంలో గిన్నెలు పాడైపోతాయని అన్నీ ఊడ్చేశాడు. మర్నాడు తండ్రి పక్కనే ఇంకో మంచం వెయ్యాల్సొచ్చింది. నవ్వకురా శేషూ, నీ మంచమూ ఆ పక్కనే ఉంది.

మర్నాడు తెల్లారగట్ల పేరిందేవి శొంఠి నీళ్ళు కాద్దామని వంటింట్లోకి వెళ్ళింది. రాత్రి బూడిద కింద కప్పిపెట్టిన నిప్పు ఆరిపోయింది. వంటలక్క కంగారుపడి పొయ్యి నిండా దుంగలు కుక్కింది. మంట రాలేదు, బూడిద మాత్రం లేచింది. పేరిందేవికి ఒళ్ళు మండిపోయింది. ఆరిపోయిన పొయ్యికి దుంగలెందుకే, ఆ పిడక తీసుకుని పక్కింటికి పోయి కాస్త నిప్పు పట్రా అని కసిరింది.

కసిరి, తన నోటి మాట తనే విని, అలాగే నిలబడిపోయింది. వింటున్నారా? నిద్రపోలేదు కదా? అగ్గిపెట్టెలు లేని రోజులర్రా అవి. ఎవరి పొయ్యి ఆరినా పిడక పట్టుకుని పక్కింటికెళ్ళి నిప్పు తెచ్చుకోవడమే. ఎవరూ లేదనేవారు కాదు.

పేరిందేవి చీర కొంగు బిగించుకుని కాలవ గట్టు మీదకి వెళ్ళింది. ఊరందర్నీ పిలిచింది. మొక్కు మొక్కిన చోటే నిలబడి అడిగింది. అక్కల్లారా, అన్నల్లారా, ఆరిపోయిన పొయ్యిలో మీరెవరైనా దుంగలు పెడతారా అంది. పెట్టం అన్నారు. మరేం చేస్తారు అంది. పక్కింట్లో నిప్పు తెచ్చుకుంటాం అన్నారు.

"మా మామయ్యగారి కడుపులో పొయ్యి ఆరిపోయింది. మీ పిల్లల కడుపుల్లో భగభగమని మండుతోంది. ఆ నిప్పు కాస్త ఇయ్యండి" అంది.

ఊరి పెద్దకాపు మెల్లిగా అడిగాడు. "అది బాగానే ఉంది గానీ తల్లీ, మా మొక్కు సంగతేంటి? తొలిముద్ద ఆయనది. ఆయన చేసిన మేలు మేం మర్చిపోలేం."

అప్పుడు పేరిందేవికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"మర్చిపోవద్దనే చెప్తున్నా అన్నా. కరువులో ఆయన తొలిముద్ద తిన్నాడా? ముందు పిల్లలకి పోసి, అందరికీ పోసి, ఆఖర్న తిన్నాడు. ఆ గంజి తాగి బతికినదాన్నే నేను. ఆయన చేసిన మేలు అది. మనం దాన్ని తలకిందులు చేసి ఆయన నోట్లో కుక్కుతున్నాం. తొలిముద్ద ఆయన చేతికివ్వండి. ఆయన ఎప్పుడూ పెట్టినట్టే మీ పిల్లలకి పెడతాడు, వాళ్ళు తింటుంటే చూసి ఆయన ఆకలీ రాజుకుంటుంది. మీరు ఆయన దగ్గరికి రావద్దు, ఆయనే వంతులవారీగా మీ ఇంటికి నడిచొస్తాడు, అందాకా ఎవరూ పస్తుండొద్దు."

పెద్దకాపు కండువాతో కళ్ళు తుడుచుకుని, అలాగే తల్లీ అన్నాడు. ఆయన అలాగే అంటే ఊరంతా అలాగే అన్నారు. బయ్యన వైద్యుడుగారైతే, మందు నేను చెప్పానుగానీ వేసే దారి నాకు తోచలేదమ్మా, నువ్వు చల్లగా ఉండాలి అని దీవించాడు.

ఇంక ఆ రోజు నుంచీ రాజుగారు కోడలి భుజం పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాడు. మొదట్లో వీధి చివరిదాకా కూడా నడవలేకపోయాడు. ఎవరింటికెళ్ళినా, ఆ ఇంట్లో తొలిముద్ద ఆయన చేత్తో కలిపి, అందరికన్నా ఎక్కువ ఆకలితో ఉన్న పిల్లకో పిల్లాడికో పెట్టేవాడు. వాళ్ళు నోరంతా తెరిచి, బుగ్గలు ఉబ్బించి, ఇంకోటి తాతా, ఇంకోటి అంటుంటే చూస్తూ కూర్చునేవాడు. తను మాత్రం శొంఠి నీళ్ళే తాగేవాడు. నడక మెల్లిగా సాగింది. నాలిక మీద పూత విడిచింది. ఒంటి మంట తగ్గింది. చూరెక్కిన నిప్పు ఒక్కో మెట్టూ దిగుతోందన్నమాట. కానీ ఆకలి అన్న మాట మాత్రం రాలేదు. మనిషి చిక్కిపోతున్నాడు. ప్రతి ఇంటి గుమ్మంలోనూ పేరిందేవి ఆయన మొహమే చూసేది. ఆ ఇంట్లోనూ రాలేదు, ఈ ఇంట్లోనూ రాలేదు.

ఊరంతా అయిపోయింది. ఊరి చివర ఓబవ్వ గుడిసె ఒక్కటే మిగిలింది. ఓబవ్వకి ఒక మనవరాలు, చెంచి. ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు. ఓబవ్వ తన వంతొచ్చిందని తెలిసి తడిక వేసేసి లోపల కూర్చుంది. ఎందుకంటే అందరిళ్ళలో గారెలూ బూరెలూ ఉన్నాయి, తన ఇంట్లో కొర్ర గంజి తప్ప ఏమీ లేదు. రాజుగారి చేతికి గంజి ఎలా ఇస్తానని సిగ్గుపడింది.

పేరిందేవి తడిక తట్టి, అవ్వా మేమే అంది. తియ్యక తప్పలేదు. ఓబవ్వ తల దించుకుని, వేడి వేడి గంజిలో ఉప్పూ జీలకర్రా వేసి, ముంతతో రాజుగారి చేతిలో పెట్టింది. రాజుగారు చెంచిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ముంత మీంచి ఆవిరి వస్తోంది. జీలకర్ర వాసన గుమ్మని వస్తోంది. చెంచి ఊదుకుంటూ జుర్రుమని తాగుతోంది.

అప్పుడు, గుర్రుమని చప్పుడైంది.

ఓబవ్వ పిల్లి అనుకుంది. చెంచి కుక్క అనుకుంది. మళ్ళీ గుర్రుమంది. చెంచి రాజుగారి పొట్ట మీద చెవి ఆనించి, ఇక్కడుంది, ఇక్కడుంది అని అరిచింది. రాజుగారు పొట్ట పట్టుకుని, ఎన్నాళ్ళకో చుట్టం ఇంటికొచ్చినట్టు మొహమంతా వెలిగిపోతూ, అమ్మా పేరిందేవీ, ఆకలేస్తోందే అన్నాడు.

ఆ పిల్ల ఏడ్చిందా, నవ్విందా? రెండూ. గంజి మీద తేట వేలితో తీసి, తన పసితనంలో ఆయన తనకి నాకించినట్టే ఆయన నోట్లో పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని మింగాడు. ఇంత రుచి నేను కరువులోనే చూశానమ్మా, మళ్ళీ ఇవాళ చూశాను అన్నాడు. ఓబవ్వా, నీ గంజికి దణ్ణం అని నిజంగానే చేతులెత్తాడు. ఓబవ్వ ఆ చేతులు పట్టుకుని భోరుమంది.

ఆ తర్వాతంతా బయ్యనగారు చెప్పినట్టే. గంజి తేట వెనక పల్చటి జావ, జావ వెనక పాతబియ్యం అన్నం, అన్నం వెనక బీరకాయ కూర, కూర వెనక మిరియాల చారు. అన్నీ ఆకలి అడిగినంతే, ఆకలి అడిగినప్పుడే. రాజుగారు కోలుకున్నాడు. యువరాజూ లేచాడు. లేచి ముందుగా, ఇవాళ ఏం వండారు అని అడిగాడు, పేరిందేవి కళ్ళెర్రజేసేసరికి శొంఠి నీళ్ళన్నాడు. ఓబవ్వ గుడిసెకి కొత్త కప్పు పడింది. ఆ ఊళ్ళో ఏ కొత్త పంటైనా తొలిముద్ద అందరికన్నా ఆకలితో ఉన్న పిల్లదే అయింది.

అదర్రా సంగతి. పెట్టేవాళ్ళుండటం భాగ్యమే, దానికి దణ్ణం పెట్టుకోవాలి. కానీ ఆకలెయ్యడం అంతకన్నా పెద్ద భాగ్యం. అది పొద్దున్నే మన ఇంటికొచ్చి తలుపు కొడితే, వచ్చావా తల్లీ అని దానికీ ఓ దణ్ణం పెట్టుకోండి. రాకముందే కంచం ముందు కూర్చోకండి.

ఏంటి శేషూ? గుర్రుమందా? ఏదీ, చెవి ఆనించనీ. ఆఁ, నిజమే, మీ రాజుగారు కోలుకున్నారు. ఇప్పుడేం లేదు, పడుకో. పొద్దున్నే జీలకర్ర వేసి గంజి కాస్తా, ముందు బుల్లికి నువ్వే పొయ్యాలి. కథేమో కంచికి నడిచిపోయింది, మనమేమో దుప్పట్లోకి దూరిపోదాం.