ఆకుల మధ్య బొటనవేలు

అనగనగా ఒక రాజు. పేరు మణిధరుడు. నలభై ఏళ్లొచ్చినా పెళ్లి మాటెత్తితే "చూద్దాం లే" అనేవాడు.

చిన్నప్పుడు ఆయనకో తాటాకుల పుస్తకం ఉండేది. మాంత్రికుడి చెరలో ఉన్న రాకుమారి కలువరేఖను విడిపించే కథ అది. ఆకు ఆకుకీ ఆగి అడిగేది: "ఎడమ దారా? ఏడో ఆకు తియ్యి. కుడి దారా? పదో ఆకు తియ్యి." మణిధరుడు గడుసువాడు. పాత ఆకులో బొటనవేలు పెట్టుకునే కొత్త ఆకు తిప్పేవాడు. మాంత్రికుడు తనను రాయిగా మార్చాడో, చటుక్కున వేలున్న చోటికి వచ్చేసేవాడు. అలా మూడుసార్లు తప్పించుకున్నాడు. కథ మాత్రం పూర్తికాలేదు.

ఒకనాడు పాత పెట్టెలో ఆ పుస్తకం దొరికింది. మొదటి ఆకు తిప్పాడో లేదో, కథలో నిలబడి ఉన్నాడు! ఎడమచేతిలో పుస్తకం, ఆకుల మధ్య బొటనవేలు. ఎలాగంటారా? ఆయనకే అర్థం కాలేదు, నాకేం తెలుస్తుంది?

ఏడు సముద్రాలూ దాటాడు. ఒక్కోటీ మోకాలి లోతే! ఎడమ దారిలో పాముండాలి, లేదు. కుడి దారిలో పులుండాలి, లేదు. "నేను మరిచానా, కథే మారిందా?" అని తల గోక్కున్నాడు.

మూడు దార్లు కలిసేచోట మూడు రాతిబొమ్మలు. ఎనిమిదేళ్లవాడు, తొమ్మిదేళ్లవాడు, పదేళ్లవాడు. ముగ్గురివీ తన ముఖాలే.

"నేను తప్పించుకున్నానుగా! వీళ్లెవరు?"

"నువ్వే," అంది చెట్టుమీది ఉడుత. "నువ్వు వెనక్కి పోయావు, వీళ్లిక్కడే ఉండిపోయారు. ఈ తొర్రలో చిలకుంది, అందులో మాంత్రికుడి ప్రాణముంది. అది చస్తేనే వీళ్లు లేస్తారు."

రాజుకి ఏడుపొచ్చింది. తొర్రలో కుడిచెయ్యి పెట్టాడు. చిలక జారిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. ఇంతలో మాంత్రికుడు పరుగెత్తుకొచ్చి మంత్రం మొదలెట్టాడు.

"రెండు చేతులూ పెట్టవయ్యా!" అంది ఉడుత.

"వేలు తీస్తే వెనక్కి దారుండదే!"

"ఉండదు."

రాజు పిల్లల వంక చూశాడు. పుస్తకం వదిలేశాడు. రెండు చేతులా చిలకను పట్టి గొంతు నులిమాడు. మాంత్రికుడు కూలిపోయాడు.

రాళ్లు కదిలాయి. "నువ్వెవరు మామా?" అన్నారు పిల్లలు. ఆయన ముగ్గురినీ దగ్గరికి తీసుకున్నాడు.

మాంత్రికుడి కోటలోంచి కలువరేఖ వచ్చింది. ఆమెకీ జుట్టు నెరుస్తోంది. "వచ్చిన ప్రతిసారీ మధ్యలో మాయమయ్యావు. ఏదీ, చేతులు చూపించు," అంది.

రాజు రెండు చేతులూ చాచాడు. బొటనవేలి మీద తాటాకు గీత తప్ప ఏమీ లేదు. ఆమె ఆ చేతుల్లో తన చెయ్యి పెట్టింది. పురోహితుడు వచ్చేసరికే పాణిగ్రహణం అయిపోయింది.

ముగ్గురు పిల్లలతో ఆ కథలోని దేశాన్నే చాలాకాలం ఏలారు. వాళ్లు తనకి కొడుకులో, తానేనో, మణిధరుడికి కడదాకా అర్థం కాలేదు.

కథ కంచికి పోయింది. మీరు ఇంటికి పోయేముందు వేళ్లు చూపించండి, ఏ ఆకులో దాచారో!