చూపులగుట్ట చెన్నకేశవుడు

పూర్వం వికారి నామ సంవత్సరం మాఘ శుద్ధ దశమి నాడు, రోహిణీ నక్షత్రయుక్త శుభవేళ, పొద్దు బారెడెక్కి రెండు గడియలయ్యేసరికి, గుట్టమీది కొత్త గుడిలో చెన్నకేశవస్వామికి నేత్రోన్మీలనం జరగవలసి ఉన్నది. విగ్రహాన్ని మలచిన వీరభద్రాచారి మిగిలిన అవయవాలన్నీ తీర్చి, ఆచారం ప్రకారం కళ్ళు మాత్రం ఆ ముహూర్తానికి అట్టేపెట్టాడు. స్వామి కన్ను తెరవగానే ఆయన చూపు మంగళకరమైన వాటిపైనే పడాలి గనుక, తెర ముందు అద్దాన్నీ, దూడతో ఆవునూ, వాటి నడుమ నిలబడటానికి శిల్పిగారి అయిదేళ్ళ కూతురు పేరిందేవినీ సిద్ధం చేశారు.

అయితే ఆ ఉదయమే ఇంట్లో ఒక ముచ్చట జరిగింది. శిల్పి ఇల్లాలు మాణిక్యాంబ ఆరగింపుకోసం పూర్ణం బూరెలు వండుతుండగా, పిల్ల వెనకనుంచి వచ్చి ఒకటి నోట్లో పెట్టుకున్నది. పొయ్యి సెగలో ఉన్న తల్లి, తరతరాలుగా తల్లులందరూ అన్నమాటే తానూ అనేసింది: “స్వామికింకా పెట్టనేలేదు, ఎంగిలి చేశావా! కళ్ళు పోతాయే!” అని మళ్ళీ పనిలో పడి, ఆ మాట అన్న సంగతే మరిచిపోయింది.

పిల్ల మరిచిపోలేదు. తీరా గుట్టమీదికి వచ్చేసరికి పట్టుపావడా కట్టుకున్న ఆ పసిది, తల్లి పాత చీరపేలికతో కళ్ళకు గట్టిగా గంతలు కట్టుకుని, స్తంభాన్ని కరుచుకుని నిలబడి ఉన్నది.

“విప్పవే తల్లీ, అందరూ నీకోసమే చూస్తున్నారు” అన్నది మాణిక్యాంబ.

“విప్పను. విప్పితే స్వామికి నా కళ్ళు కనపడతాయి. తీసేసుకుంటాడు.”

పురోహితుడు సోమయాజులుగారు ఆకాశంవైపు చూసి, “ఆచారీ, వేళ దాటిపోతున్నది. మళ్ళీ ఇంతటి ముహూర్తం ఏడాదికిగాని లేదు. మరో పిల్లను నిలబెడదాం” అన్నారు. వీరభద్రాచారి కళ్ళు తీర్చే బంగారు సూదిని పళ్ళెంలో పెట్టేసి, “అయ్యగారూ, నా బిడ్డ ఎవర్ని చూసి జడుస్తున్నదో, ఆయనకే కళ్ళు తెరవమంటే నా చెయ్యి నిలవదండి” అన్నాడు.

పొద్దున తానన్న మాట గుర్తుకొచ్చి మాణిక్యాంబ గుండె చెరువైంది. రోజూ దీపాలవేళ ఒళ్ళో కూచోబెట్టుకుని దణ్ణం పెట్టడం నేర్పింది, శ్లోకం నేర్పింది. ఇన్ని నేర్పి, చివరికి బిడ్డ మనసులో నిలబెట్టినది కళ్ళు పీకే స్వామినా! ఆ తల్లి పిల్లను చంకనెత్తుకుని తెర వెనక్కు తీసుకువెళ్ళి, “ఆయనకింకా కళ్ళు లేవమ్మా, నిన్ను చూడలేడు. ముందు నువ్వే చూడు ఆయన్ని” అన్నది.

పేరిందేవి గంతల అంచు కాస్త పైకెత్తి, నునుపుగా ఖాళీగా ఉన్న ఆ కనురెప్పల తావును చాలాసేపు చూసింది. “అమ్మా, ఈయన ఎవరి బూరె తిన్నాడే?” అన్నది.

సోమయాజులంతటివారు కూడా ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లకు మాత్రం జాలే వేసింది. గంతలు పూర్తిగా లాగిపారేసి, రాతిచెంప నిమురుతూ, “ఏడవకు స్వామీ, మా నాన్న కళ్ళు పెడతాడుగా” అన్నది.

“నీకూ అట్లాగే ఈ స్వామే కూచుని పెట్టాడు తల్లీ, ఒక్కొక్క రెప్పవెంట్రుకా” అన్నది మాణిక్యాంబ. “ నాన్న ఇంత కష్టపడి చెక్కినదాన్ని నాన్నే పగలగొడతాడా? అమ్మ తెలియక అన్నది.”

పిల్ల ఆలోచించింది. “ఊహూఁ. నాన్న రోజూ గుడ్డతో తుడుస్తాడు” అని, తనంతట తానే దిగి, వెళ్ళి దూడ పక్కన నిలబడింది.

వేళ తప్పకుండానే శిల్పి కంటిగీతలు తీర్చాడు. తెర తొలగేసరికి చూసినవారందరూ నివ్వెరపోయారు. శాస్త్రప్రకారం ఎదురుగా చూడవలసిన స్వామి చూపు కిందికి వాలి, పసిదాని ముఖంమీద నిలిచి ఉన్నది. గీసిన గీత తప్పలేదని వీరభద్రాచారి గుడిలోనే ప్రమాణం చేశాడు. నాటినుంచి అది చూపులగుట్ట అయింది. నేటికీ అక్కడ పెద్దలు నిలబడి చూస్తే స్వామి రెప్పలే కనపడతాయి. చిన్నపిల్లల ఎత్తుకు వంగితేనే ఆ చల్లని చూపు దక్కుతుంది.

మరునాడు దీపాలవేళ ఆ ఇంట్లో అందరూ దీపం ముందు కూచున్నారు. మాణిక్యాంబ ఆ పూట శ్లోకం చెప్పించలేదు. కూతురి కళ్ళను వేలికొసతో తాకి, “ఇవి ఎవరు చేశారమ్మా?” అని అడిగింది. “స్వామి” అన్నది పిల్ల. చెవులు తాకింది, చిట్టి చేతులు తాకింది. “స్వామి, స్వామి.”

“ఎందుకు చేశాడూ?”

ఇది ఎవరూ నేర్పనిది. పేరిందేవి దీపంవంక చూసి, తల్లివంక చూసి, సిగ్గుపడి తల్లి కొంగులో తల దూర్చి చెప్పింది:

“ముద్దొచ్చి.”