బుగ్గన ఉసిరి ముక్క

శేషారత్నంగారిని ప్రశ్న అడిగిన శిష్యుడికి జవాబు వెంటనే దొరకదు. ముందు ఓ ఎండు ఉసిరి ముక్క దొరుకుతుంది. దాన్ని బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా నోరు మెదపకుండా పక్కవాళ్ల పని చూడాలి. కాకినాడలో తను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆవిడ పెట్టిన ఆచారం అది.

ఓరోజు ఆవిడ శిష్యుడు సత్యకిరణ్ ప్రాణం మీదికొచ్చి అడిగాడు. రక్తదాతల్నీ ఆసుపత్రుల్నీ కలిపే వాళ్ల వెబ్ అప్లికేషన్ ఒక్క ఊరితో మొదలై జిల్లాలు దాటింది. కోడంతా అతను రాసిందే. ఎవరు ఏ మూల ముట్టుకున్నా ఇంకో మూల ఊడేది, అతనికి ఫోన్ వచ్చేది. భార్య ప్రసన్నకి నెలలు నిండాయి, అమలాపురంలో పుట్టింట ఉంది. కాన్పు వేళకైనా పక్కనుండాలని అతని కోరిక. ఉండగలనన్న నమ్మకం మాత్రం లేదు.

"కోడ్‌ని మాడ్యూళ్లుగా, అదే విడి భాగాలుగా, విడగొట్టానండీ. అయినా ఫోన్లు ఆగట్లేదు. అసలెక్కడ విడగొట్టాలండీ?"

ఆవిడ ఉసిరి ముక్క చేతిలో పెట్టి, కొత్తగా చేరిన ముంతాజ్ పక్కన కూర్చోబెట్టారు. ముంతాజ్‌కి ఇచ్చిన పని చిన్నదే, దాతలకి వెళ్లే సందేశంలో ఆసుపత్రి చిరునామా చేర్చడం. పాపం ఆ పిల్ల కంటికి కనిపించే తెరలన్నీ ఉన్న ఫోల్డర్ తెరిచింది, తర్వాత నియమాలది, తర్వాత డేటాబేస్‌ది. తెరిచిన ప్రతిచోటా అతని వైపు తిరిగి, "ఇది మారిస్తే ఇంకేమవుద్దండీ?" అంది. జవాబు అతని నాలుక చివరే ఉంది. ఉసిరి అడ్డం.

సత్యకిరణ్ ముచ్చటగానే సర్దాడు, చీరలన్నీ ఒక బీరువాలో, జాకెట్లన్నీ ఇంకో బీరువాలో పెట్టినట్టు. పెళ్లికి ముస్తాబవ్వాలంటే మాత్రం ఇంట్లో బీరువాలన్నీ తెరవాలి. బుగ్గ పులిసేదాకా ఆ సంగతి అతనికి తట్టలేదు.

మర్నాటి నుంచి మళ్లీ సర్దాడు. సందేశాలకి కావలసిందంతా ఒకచోట, దాతలదంతా ఒకచోట, ఆసుపత్రులదంతా ఒకచోట. ఒకదానికి కావలసింది ఇంకోదాని గుమ్మంలో అడిగి పుచ్చుకోవడమేగాని లోపలికి చొరబడటం లేదు. ప్రతిదీ ముంతాజ్ చేత తెరిపించి, తను నోరు మూసుకు కూర్చున్నాడు. ఆమె తల తిప్పిన చోటల్లా మళ్లీ రాశాడు.

అమలాపురం నుంచి కబురొచ్చింది, వెళ్లాడు. పూతరేకులు పట్టుకుని తిరిగొచ్చాక తెలిసింది, సందేశాలు పంపే కంపెనీ ఉన్నట్టుండి మూతపడిందనీ, ముంతాజ్ ఆ ఒక్క మాడ్యూల్ మార్చి వేరే కంపెనీకి కలిపేసిందనీ. అతని మనసు చివుక్కుమంది.

"నన్నొక్కమాటైనా అడగలేదేంటండీ?"

శేషారత్నంగారు పూతరేకు అందుకున్నారు. "పాప తొలి ఏడుపు విన్నావా?"

"విన్నానండీ. తలుపు దగ్గరే ఉన్నాను." ఆ ఏడుపు మళ్లీ చెవిన పడ్డట్టయింది. చిన్నబుచ్చుకున్నందుకు సిగ్గేసింది. ముంతాజ్‌కీ ఆవిడకీ కలిపి చేతులెత్తి దండం పెట్టాడు. ఈ ఇద్దరి రుణం తీర్చుకోలేననిపించింది.

"పాప పుట్టిందని నువ్వు ఫోన్ చేశావే," అన్నారావిడ, "అప్పటికింకా ఇక్కడ సందేశాలు ఆగే ఉన్నాయి, నీకు చెప్పలేదంతే."