ఏడ్చినప్పుడల్లా తేనె

అనగనగా, మరీ పాతకాలమేం కాదర్రా, ఒక కొండ అడవిలో ఇప్పమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దాని మొగుడు కొండన్న. వాళ్ళకు లేకలేక పుట్టిన కొడుకు జున్ను.

జున్ను ఏడిస్తే ఇప్పమ్మ ప్రాణం విలవిల్లాడేది. బండ మీంచి జారిపడి ఏడ్చాడు. తేనెపట్టు తెచ్చి నోట్లో పెట్టింది. ఉరుముకు జడిసి ఏడ్చాడు. దోసెడు ఇప్పపూలు పెట్టింది. కోతిపిల్లలు ఆటకు రానివ్వలేదని ఏడ్చాడు. సీతాఫలాలు ఒలిచి పెట్టింది. ఎక్కడికెళ్ళినా వీపు మీద మోసుకునే వెళ్ళేది.

"మా వాడు బొద్దుగా ఎంత ముద్దొస్తున్నాడో!" అని కొండన్న మురిసిపోయేవాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం అడవిలోని రేసుకుక్కల గుంపు వేటకు వచ్చిపడింది.

"చెట్టెక్కు నాన్నా!" అని అరిచింది ఇప్పమ్మ.

జున్ను మద్దిచెట్టును వాటేసుకున్నాడు. జానెడు ఎక్కి జారాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ జారాడు. మూడోసారి ఇప్పమ్మ తలతో పైకి నెట్టింది. అయినా వాడి పట్టు తప్పింది. దబ్బున తల్లి మీదే పడ్డాడు.

ఇప్పమ్మ నిర్ఘాంతపోయింది. ఎలుగుబంటి పిల్ల చెట్టెక్కలేకపోవడమా! అలా నిలబడిపోయిన క్షణంలోనే ఒక కుక్క దాని చెవి కొరికి పట్టుకుంది. కొండన్న గర్జిస్తూ పరిగెత్తుకొచ్చి కుక్కల్ని తరిమాడు కాబట్టి సరిపోయింది.

చెవి నుంచి రక్తం కారుతుంటే ఇప్పమ్మ జున్ను మీద అరిచింది. "ఎంత తింటావురా! ఆ తిండి వల్లే కదా, ఇవాళ నాకు దక్కకుండా పోయేవాడివి!"

జున్ను వెక్కుతూ అన్నాడు. "నేను ఆకలేసి ఏడవలేదమ్మా. ఉరుమంటే భయమేసింది. నువ్వు ఇప్పపూలు పెట్టావు. నన్నెవరూ ఆటలో చేర్చుకోలేదని బాధేసింది. నువ్వు పండ్లు పెట్టావు. వద్దంటే నువ్వు బాధపడతావని తిన్నాను."

ఇప్పమ్మకు కుక్క కరిచినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు.

కొండన్న తల దించుకున్నాడు. "వాణ్ణేమీ అనకు. పొద్దస్తమానం నీడన పడి మేసేది నేను. నన్ను చూసే కదా నేర్చుకున్నాడు. ముందు మారాల్సింది మనం."

మర్నాటి నుంచి ముగ్గురూ చెదపురుగులు తినడానికి పుట్టల దాకా నడిచే వెళ్ళారు. మొదటి రోజు ముందుగా ఆయాసపడి కూలబడింది కొండన్నే. జున్ను నవ్వాడు. తండ్రీ నవ్వాడు. జున్నును ఎవరూ పస్తు పెట్టలేదు, లావని దెప్పలేదు. ఆకలేస్తే ముగ్గురూ కలిసి కూర్చుని తిన్నారు. కడుపు నిండితే లేచారు. వానలు వెనకబట్టేసరికి జున్ను మద్దిచెట్టు మొదటి కొమ్మ దాకా ఎక్కాడు. ఇంకా బొద్దుగానే ఉన్నాడు.

ఒక సాయంత్రం వాడు ఏడుస్తూ వచ్చాడు. ఇప్పమ్మ అలవాటుగా లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఏమైంది నాన్నా?" అని అడిగింది.

వాడు చాలాసేపు చెప్పాడు. ఇప్పమ్మ చివరిదాకా వింది. చెప్పడం అయ్యాక జున్ను కళ్ళు తుడుచుకున్నాడు. "ఆడుకోడానికి పోతానమ్మా" అని పరిగెత్తాడు.

నీతి: ఏడ్చే బిడ్డకు తిండి పెట్టే ముందు ఎందుకేడుస్తున్నాడో అడగాలి; పిల్లలకు మంచి అలవాట్లు రావాలంటే ముందు ఇంటిల్లిపాదీ వాటిని పాటించాలి.