పలకని పటాలం

ఒకానొక రాజ్యం ఉండేదండీ, జర్మనీ దేశంలో, నెపోలియను రోజుల్లో. ఎంత రాజ్యమనుకున్నారు? రాజుగారు ఈ చివర తుమ్మితే ఆ చివర పక్క రాజ్యంవాళ్ళు 'చిరంజీవ' అనేవాళ్ళు. అబద్ధమైతే నా మీసం గొరిగించుకుంటా.

రాజు పేరు ఒట్టోకర్. మనిషి పొట్టి, టోపీ పొడుగు. కవాతు ఎలా చెయ్యాలో తనే ఒక పుస్తకం రాసి, దాన్నే తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

ఆయన కొలువులో కెప్టెన్ లుడోల్ఫ్ అని ఒక మాటకారి. మొదట నెపోలియను మీదికి పంపితే వెళ్ళాడు, ఎడమ చెవి పోయింది. రాజుగారు జెండా తిప్పేసి, నెపోలియను పక్షాన రష్యా మీదికి పంపితే వెళ్ళాడు, మంచుకి మూడు వేళ్ళు రాలిపోయాయి. వెంట వెళ్ళింది ఎనిమిది వందలమంది. తిరిగొచ్చింది పంతొమ్మిదిమంది. జెండా మోసిన యోస్ట్ రాలేదు. లుడోల్ఫ్‌కి సొంత తమ్ముడు.

రాజుగారికి తలవంపుగా తోచింది. "మా పటాలంలో ఒక్కడూ చావలేదు, అందరూ వెనకాల వస్తున్నారు" అని దండోరా వేయించాడు. దాంతో తల్లులకి ఏడ్చే వీలు కూడా లేకపోయింది. ఏడిస్తే రాజద్రోహం మరి!

నెల తిరక్కుండా మళ్ళీ జెండా తిప్పాడు.

"లుడోల్ఫ్! రెండు వందలమందిని పట్టుకొచ్చాం. ఈసారి నెపోలియను మీదికే. తీసుకుపో!"

లుడోల్ఫ్ చూశాడు. అందరూ పోయినవాళ్ళ అన్నలు, తండ్రులు. వీళ్ళనీ మంచులో వదిలేసి రావాలా అనుకున్నాడు. పైకి మాత్రం వంగి సలాం చేశాడు.

"చిత్తం ప్రభూ. కానీ తమరి పుస్తకం ప్రకారం, పాత పటాలం పేర్లు పిలిచాకే కొత్తది కదలాలి. పేరు పేరుకీ 'ఉన్నా' అని జవాబొచ్చేదాకా ప్రభువు టోపీ తీసి నిలబడాలి."

రాజు పొంగిపోయాడు. "మా పుస్తకం చదివావన్నమాట! ఊఁ, కానియ్!"

కోట ముంగిట మోకాలి లోతు మంచు, పైన ఇంకా కురుస్తోంది. ఊరంతా చేరింది. లుడోల్ఫ్ పాత పటాలం పేర్ల పట్టీ తెరిచాడు. జెండా మోసేవాడి పేరు మొదట ఉంటుంది. ఆ పేరు దాటేశాడు.

"హెన్నింగ్!"

పలుకు లేదు. గుంపులో ఒక ముసలామె శాలువా నోట్లో కుక్కుకుంది.

"డెట్లెఫ్!"

"ఉన్నా" అన్నాడొక కుంటివాడు. ఆ తర్వాత వరసగా పాతిక పేర్లకి గాలి తప్ప ఎవరూ పలకలేదు. రాజుగారి బట్టతల మీద మంచు పేరుకుంది.

"ఏమయ్యా, పలకరేం?"

"రష్యా నుంచి నడక కదా ప్రభూ, కాస్త ఓపిక పట్టండి."

"చచ్చినవాళ్ళు ఎలా పలుకుతారయ్యా!" అని అరిచేశాడు రాజు.

అంతే, ముసలామె గొల్లుమంది. ఆమెతో ఊరంతా గొల్లుమంది.

"చచ్చారా ప్రభూ?" అన్నాడు లుడోల్ఫ్ మెల్లగా. "దండోరాలో వస్తున్నారన్నారే! వస్తుంటే, వాళ్ళొచ్చి పలికేదాకా వీళ్ళు కదలకూడదు. చచ్చారంటే, మరి ఆ దండోరా ఎవరిది?"

రాజు చలికి పళ్ళు టకటకలాడుతుంటే నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే విరిగింది.

"నా పుస్తకంతో నన్నే కట్టేశావు కదయ్యా! పొమ్మను, అందర్నీ ఇళ్ళకి పొమ్మను."

తన తోలుకోటు విప్పి లుడోల్ఫ్ భుజాన కప్పి, లోపలికి వెళ్ళిపోయాడు.

జనం తమవాళ్ళ చేతులు పట్టుకుని నడిపించుకుపోయారు. లుడోల్ఫ్ ఒక్కడే నిలబడి మిగతా పేర్లన్నీ పిలిచాడు. ఆఖరికి దాటేసిన పేరు దగ్గరికొచ్చాడు.

"యోస్ట్!"

కోటు విప్పి పక్కన, తమ్ముడు నిలబడాల్సిన చోట, మంచు మీద పరిచాడు. ఇక తనే పలికాడు.

"ఉన్నా."